బాబాసాహెబ్ వేసవి సెలవులు: చర్నీ రోడ్ తోట నుంచి మన ఊరి గ్రంథాలయం దాకా

ఏప్రిల్ 14న మన వాడలన్నీ నీలి జెండాలతో నిండుతాయి. విగ్రహానికి పాలాభిషేకం, పూలదండలు, ర్యాలీ, సాయంత్రం సభ. ఆ దండలు వాడిపోయి పది రోజులు తిరక్కముందే బడులకు వేసవి సెలవులు ఇస్తారు. జూన్ రెండో వారం దాకా పిల్లలకు బడి ఉండదు. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న గురుకులాలు కూడా ఖాళీ అవుతాయి. ట్రంకు పెట్టెలు మోసుకుని పిల్లలు ఇళ్లకు చేరతారు. సరిగ్గా అప్పుడే నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు వైపు మామిడి కోతలు ఊపందుకుంటాయి. బంగినపల్లి, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టర్ కాయ ఒకదాని వెంట ఒకటి లారీలెక్కుతాయి. చిక్కంతో కాయ కోసేవాళ్లు, ఏరేవాళ్లు, సైజులవారీగా వేరు చేసేవాళ్లు, ట్రేలకెత్తేవాళ్లు కావాలి. తోట ఒకరిది, కూలి మనది. తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే మన పిల్లల్లో చాలామందికి వేసవి అంటే ఈ పనే.

ఇదే కాలంలో రాష్ట్రంలోని ప్రభుత్వ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం, ఇంగ్లీషు మాట్లాడించడం, చదరంగం, క్యారమ్స్ లాంటివి ఉంటాయి. అక్కడ ఎవరి పిల్లలు కూర్చుంటున్నారు, ఎవరి పిల్లలు ఆ సమయానికి మామిడి చెట్టు కింద ఉంటున్నారు అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే మేము బాబాసాహెబ్ జీవితాన్ని ఇక్కడ మళ్లీ చెబుతున్నాం. రాజ్యాంగ నిర్మాతగా ఆయన అందరికీ తెలుసు. పదేళ్ల నుంచి పదిహేడేళ్ల మధ్య వయసులో ఆయన ఎలా చదివాడు, ఎక్కడ కూర్చుని చదివాడు, ఎవరు పుస్తకం అందించారు, ఆ తర్వాత ఆయన తన తర్వాతి తరం పిల్లలకు ఏం కట్టిపెట్టాడు అన్నది మాత్రం మన సభల్లో తక్కువగా వినబడుతుంది.

నీళ్లు లేని వేసవి

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ సైనిక శిబిరంలో పుట్టాడు. రామ్‌జీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పద్నాలుగో సంతానం. రామ్‌జీ సైన్యంలో సుబేదారు హోదాలో ఉంటూ సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పిన మనిషి. కబీరు పంథాను అనుసరించేవాడు. పదవీ విరమణ తర్వాత కుటుంబం దాపోలీ మీదుగా సతారా చేరింది. భీమ్‌కు ఐదారేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది. మేనత్త పెంచింది.

సతారా బడిలో భీమ్ గోనెపట్టా మీద విడిగా కూర్చునేవాడు. ఆ గోనెపట్టా ఇంటి నుంచే తెచ్చుకోవాలి, సాయంత్రం ఇంటికే తీసుకుపోవాలి. బడి నౌకరు దాన్ని ముట్టడు. దాహం వేస్తే నౌకరు వచ్చి పైనుంచి నీళ్లు పోయాలి. ఆ రోజు నౌకరు లేకపోతే ఆ రోజు నీళ్లు లేవు. మంగలి క్షవరం చేయడు కాబట్టి ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టి అక్క జుట్టు కత్తిరించేది.

ఆయన జీవితంలో మొదటి పెద్ద గాయం ఒక వేసవి సెలవుల్లోనే తగిలింది. 1901 ప్రాంతం. అప్పటికి తొమ్మిదేళ్లు. రామ్‌జీ అప్పుడు సతారా జిల్లా ఖటావ్ తాలూకా గోరేగావ్‌లో క్యాషియరుగా పనిచేస్తున్నాడు. కరవు పీడితులకు పని చూపించడం కోసం బొంబాయి ప్రభుత్వం అక్కడ ఒక చెరువు తవ్విస్తోంది. ఆ పని లెక్కలు ఆయన చూస్తున్నాడు. సెలవులకు పిల్లల్ని రమ్మని ఉత్తరం రాశాడు. భీమ్, అన్న, చనిపోయిన అక్క కొడుకులు బయలుదేరారు. కొత్త బట్టలు, అంచు టోపీలు, బూట్లు. రైలు ఎక్కడం అదే మొదటిసారి. సంబరానికి అంతు లేదు.

మసూర్ స్టేషన్‌లో దిగాక ఎవరూ ఎదురురాలేదు. వస్తున్నట్టు రాసిన ఉత్తరాన్ని తండ్రి దగ్గరి నౌకరు ఆయనకు ఇవ్వడం మరచిపోయాడు. బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి పలకరించాడు. మహర్లమని చెప్పగానే ముఖం మారిపోయి వెనక్కి తగ్గాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే పిల్లలే బండి తోలాలి, అతను పక్కన నడుస్తాడు. సంచిలో అన్నం ఉంది. తాగడానికి నీళ్లు లేవు. దారిలో దొరికింది పేడ కలిసిన బురద నీరు. రాత్రి సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర ఆగి, ముస్లిం పిల్లలమని చెప్పి నీళ్లడిగినా పుట్టలేదు. నీళ్లు లేక అన్నం కూడా తినలేక ఆకలితో పడుకున్నారు. మరుసటి రోజు పొద్దెక్కాక గోరేగావ్ చేరారు.

తండ్రి చెరువు తవ్వకం లెక్కలు రాస్తున్నాడు, పిల్లలు గుక్కెడు నీళ్లకు అల్లాడుతున్నారు. అంటరానితనం గురించి అంతకుముందే తెలిసినా, అది తన బుద్ధిలో చెరగని ముద్ర వేసింది ఆ ప్రయాణంలోనేనని ఆయన పెద్దయ్యాక రాసుకున్నారు. వీసా కోసం నిరీక్షణ అనే ఆ చిన్న ఆత్మకథనం మొదలయ్యేది ఈ వేసవి కథతోనే.

బడి మానేద్దామనుకున్న పిల్లవాడు

అంబేడ్కర్ పుట్టుకతోనే పుస్తకాల పురుగు అనుకుంటే పొరపాటు. సతారాలో చిన్నప్పుడు ఆయనకు బడి పుస్తకాల మీద పెద్ద మక్కువ లేదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకోవడం నచ్చలేదు. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలనుకున్నాడు. సతారా నుంచి పిల్లలు బొంబాయి మిల్లుల్లో పనికి పోతున్నారని విన్నాడు. తనూ పారిపోయి మిల్లు కూలీ కావాలనుకున్నాడు. చార్జీల కోసం మేనత్త నడుముకున్న డబ్బు సంచిని రాత్రిళ్లు దొంగిలించబోయాడు. మూడు రాత్రులు కుదరలేదు. నాలుగో రాత్రి సంచి చేతికొచ్చింది. అందులో ఉన్నది అర్ధణా. దాంతో బొంబాయి పోవడం జరిగే పని కాదు. సిగ్గుపడి, ఆ ఆలోచన మానుకుని, గట్టిగా చదివి త్వరగా సొంత కాళ్ల మీద నిలబడాలని నిశ్చయించుకున్నాడు. ఇది ఆయనే తర్వాత చెప్పుకున్న సంగతి.

తోటల్లో రోజు కూలి చేతిలో పడ్డ పదిహేనేళ్ల పిల్లవాడికి బడి ఎందుకు అనిపించడం తప్పు కాదు. భీమ్‌రావ్‌కూ అనిపించింది. తేడా ఏమిటంటే ఆ తర్వాత ఆయన చుట్టూ కొన్ని చేతులు అడ్డం పడ్డాయి.

ఒక్క గది, ఒక్క దీపం

1904 ప్రాంతంలో కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో మిల్లు కార్మికులుండే డబక్ చాల్‌లో ఒక్క గది. వంట, పడక, పొగ, సామాన్లు, కట్టెలు అన్నీ అందులోనే. గుమ్మం దగ్గర మేక. ఇద్దరు పడుకునే చోటు కూడా లేదు. అందుకని భీమ్ పెందలాడే నిద్రపోయేవాడు. రామ్‌జీ రాత్రి రెండు గంటల దాకా మేలుకుని కొడుకును లేపి, ఆ చోట తను పడుకునేవాడు. ఊరు నిద్రపోయాక దొరికే ఆ నిశ్శబ్దంలో భీమ్ తెల్లవారేదాకా చదువుకునేవాడు.

పాఠ్యపుస్తకాలు కాక వేరే పుస్తకాలు చదవాలన్న ఆకలి ఆ వయసులోనే పుట్టింది. తండ్రికి అది అంతగా నచ్చలేదు. ముందు పరీక్ష పుస్తకాల మీద శ్రద్ధ పెట్టాలన్నది ఆయన పట్టు. అయినా కొడుకు అడిగిన పుస్తకానికి ఎన్నడూ లేదనలేదు. చేతిలో డబ్బు లేకపోతే పెళ్లయిన కూతురింటికి వెళ్లి అప్పడిగేవాడు. ఆ కూతురి దగ్గరా లేకపోతే రెండో కూతురి దగ్గరికి. అక్కడా లేకపోతే పెళ్లిలో తాను పెట్టిన నగనే అడిగి తీసుకుని మార్వాడీ దగ్గర కుదువ పెట్టి పుస్తకం కొనేవాడు. పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. బాబాసాహెబ్ గ్రంథాలయం మొదలైంది అక్కల మెడల్లోంచి తీసిన ఆ నగలతోనే. ఆ అక్కల పేర్లు తులసి, మంజుల. మన సభల్లో వాళ్ల పేర్లు కూడా వినబడాలి.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు ప్రభుత్వ బడి. అక్కడా కులం వదల్లేదు. ఒకసారి మాస్టారు బోర్డు మీద లెక్క చేయమని పిలిస్తే తరగతిలో గగ్గోలు పుట్టింది. బోర్డు వెనక మిగతా పిల్లలు అన్నం డబ్బాలు పెట్టుకున్నారు. ఇతను ముట్టుకోకముందే అవన్నీ పక్కకు లాగేశారు. సంస్కృతం చదవాలని ఉన్నా చెప్పడానికి నిరాకరించారు. పార్సీ భాష తీసుకోవలసి వచ్చింది. ఆ సంస్కృతాన్ని తర్వాత స్వయంగా నేర్చుకుని, ధర్మశాస్త్రాలను విప్పి చూపించడం మనకు తెలిసిన చరిత్ర.

తోటలో బల్ల, పలకరించిన మాస్టారు

గదిలో చోటు లేదు. బడిలో స్నేహం లేదు. మిగిలింది చర్నీ రోడ్ దగ్గరి తోట. బడి వదలగానే భీమ్ అక్కడికి వెళ్లి ఏదో ఒక పుస్తకం తెరిచి కూర్చునేవాడు. అదే తోటకు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ కూడా వచ్చేవాడు. విల్సన్ హైస్కూలు ఉపాధ్యాయుడు, శివాజీ జీవిత చరిత్ర రాసిన మరాఠీ రచయిత, సంఘ సంస్కరణ కోరుకున్నవాడు. రోజూ ఒంటరిగా కూర్చుని చదువుకుంటున్న కుర్రవాణ్ణి గమనించి పలకరించాడు. ఎవరు, ఏం చదువుతున్నావని అడిగాడు. కులం తెలిశాక దూరం జరగలేదు. ఇంకా దగ్గరై, తన పుస్తకాలు ఇచ్చి, ఏవి చదవాలో చెప్పడం మొదలుపెట్టాడు.

మసూర్ స్టేషన్‌లోనూ ఒక పెద్దమనిషి ఎవరు మీరు అని అడిగాడు. చర్నీ రోడ్ తోటలోనూ ఒక పెద్దమనిషి అదే ప్రశ్న అడిగాడు. మొదటి చోట జవాబు వినగానే దారి మూసుకుపోయింది. రెండో చోట తెరుచుకుంది. ఆ మధ్య గడిచింది ఆరేడేళ్లే.

1907లో భీమ్‌రావ్ మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడు. 750కి 282 మార్కులు. ఇవాళ్టి ర్యాంకుల లెక్కన చూస్తే ఎవరూ ఫ్లెక్సీ కట్టని మార్కులు. కానీ ఒక మహర్ కుర్రవాడు అంతదాకా రావడమే వింత. సన్మాన సభ జరిగింది. సీతారామ్ కేశవ్ బోలే అధ్యక్షత వహించాడు. కేలుస్కర్ మరాఠీలో తాను రాసిన గౌతమ బుద్ధుని చరిత్రను బహుమతిగా ఇచ్చాడు. అంతటితో ఆగలేదు. కాలేజీ చదువుకు డబ్బు లేనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లాడు. నెలకు 25 రూపాయల ఉపకార వేతనం వచ్చింది. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ముల్లర్ అనే ఆచార్యుడు పుస్తకాలిచ్చాడు, బట్టలిచ్చాడు. 1912లో బీఏ పూర్తయింది. 1913 ఫిబ్రవరిలో రామ్‌జీ కన్నుమూశాడు.

ముంచేసిన ఓడ, మూసిన సత్రం

ఆ ఏడాదే గైక్వాడ్ ఉపకార వేతనంతో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ గ్రంథాలయం మెట్లెక్కేటప్పుడు ఎవరూ ఆపి కులం అడగలేదు. తెరిచే వేళకు వెళ్లి మూసే వేళకు బయటికి రావడం అలవాటైంది. తిండి తగ్గించుకుని పాత పుస్తకాల కొట్లలో సుమారు 2,000 పుస్తకాలు కొన్నారు. 1916లో లండన్ చేరారు. ఉపకార వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పుస్తకాల పెట్టెలున్న ఓడను టార్పెడోతో ముంచేశారు. ఆయన వేరే ఓడలో ప్రాణాలతో చేరారు. ఆ పుస్తకాలు మాత్రం సముద్రంలో కలిసిపోయాయి.

ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఊరంతటిలో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. మనిషి అలికిడి లేని చీకటి మేడ అది. ఆ ఒంటరితనాన్ని పుస్తకాలతో మరిచిపోయేవారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చింది. సాయంత్రంలోగా ఖాళీ చేయాలంది. తెలిసిన ఇద్దరు స్నేహితుల్ని అడిగినా ఇంట్లో చోటివ్వలేకపోయారు. రాత్రి రైలు దాకా ఆయన కూర్చున్నది కామాఠీ బాగ్ అనే తోటలో. కొలంబియాలో ఎంఏ చేసి లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివిన మనిషికి కూడా ఆ ఊళ్లో కూర్చోవడానికి దొరికింది నలుగురికీ తెరిచి ఉన్న తోట ఒక్కటే.

తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, కొల్హాపూర్ ఛత్రపతి శాహూ మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. బ్రిటిష్ మ్యూజియం పఠనాలయంలో తలుపు తీయకముందే నిలబడేవారు. మధ్యాహ్న భోజనానికి డబ్బు ఉండేది కాదు. పొద్దున తిన్న రొట్టె ముక్కతోనే సాయంత్రం దాకా. మూసే వేళకు జేబుల నిండా రాసుకున్న కాగితాలతో బయటికొచ్చేవారు. రాత్రి గదిలో మళ్లీ చదువు. ఇండియాలో రమాబాయి పిడకలు చేసి ఇల్లు నడుపుతూ, పిల్లల్ని పోగొట్టుకుంటూ ఆ చదువు భారం మోసింది. 1923లో లండన్ విశ్వవిద్యాలయం డి.ఎస్సీ. వచ్చింది.

తనకు దొరకనిది పిల్లలకు

మేము ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది. అంత చదువుకుని వచ్చిన మనిషి 1924 జులైలో బహిష్కృత హితకారిణీ సభ స్థాపించారు. ఆ సభ పెట్టుకున్న లక్ష్యాల్లో హాస్టళ్లతో పాటు గ్రంథాలయాలు, సామాజిక కేంద్రాలు, అధ్యయన బృందాలు నడపడం స్పష్టంగా ఉంది. 1925లో షోలాపూర్‌లో హాస్టలు తెరిచారు. తిండి, బట్ట, చదువు ఖర్చు సభదే. ఆ హాస్టలు పిల్లలు సరస్వతీ విలాస్ అనే మాసపత్రికను తామే నడిపారు. బొంబాయిలో సభ ఉచిత గ్రంథాలయం నడిపింది. దాంతో పాటు మహర్ కుర్రాళ్ల కోసం హాకీ క్లబ్ కూడా పెట్టింది. జూదం, తాగుడు వైపు పోకుండా ఖాళీ సమయం ఆటకూ పుస్తకానికీ మళ్లాలన్నది ఉద్దేశం.

అంటే గ్రంథాలయం, ఆట, పిల్లల సొంత పత్రిక, చదివి చర్చించే బృందం. ఇవాళ గ్రంథాలయ శాఖలు వేసవి శిబిరం పేరుతో చేస్తున్నదంతా మన ఉద్యమం వందేళ్ల కిందటే మొదలుపెట్టింది. అదీ మన పిల్లల కోసం. మహాడ్ సత్యాగ్రహానికి ముందే ఇవన్నీ జరిగాయన్నది గుర్తుంచుకోవాలి. చెరువు దగ్గరికి నడిచిన కాళ్ల వెనక చదివిన బుర్రలున్నాయి.

మహాడ్‌కూ ఆ మెట్రిక్యులేషన్ సన్మాన సభకూ ఒక లంకె ఉంది. ఆ సభకు అధ్యక్షత వహించిన బోలే 1923లో బొంబాయి శాసన మండలిలో తీర్మానం పెట్టాడు. ప్రజాధనంతో కట్టిన, నడిపే బావులు, చెరువులు, ధర్మశాలలు, ప్రభుత్వ బడులు, కోర్టులు, కార్యాలయాలు, ఆసుపత్రుల్లోకి అంటరానివారికి ప్రవేశం ఉండాలన్నది దాని సారాంశం. దాని ప్రకారం మహాడ్ మున్సిపాలిటీ చవదార్ చెరువును కాగితం మీద తెరిచింది. ఊరు తెరవలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగారు. కాగితం మీద ఉన్న హక్కు నోట్లోకి నీళ్లుగా రావాలంటే అక్కడిదాకా నడవాల్సిందేనని ఆ రోజు తేలింది.

1930లలో దాదర్‌లో కట్టుకున్న ఇంటికి రాజగృహ అని పేరు పెట్టారు. ఆ ఇంటి ప్లానులోనే పుస్తకాలకు పెద్ద చోటు. సముద్రంలో పోయిన పుస్తకాల స్థానంలో వేల పుస్తకాలు చేరాయి. 1935 మే 27న రమాబాయి ఆ ఇంట్లోనే కన్నుమూసింది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో సిద్ధార్థ కాలేజీ వచ్చాయి. పగలు పనిచేసుకునేవాళ్ల కోసం ఆ సొసైటీ రాత్రి బడి కూడా నడిపింది. పని మానుకుని రమ్మనడం కన్నా, పని అయ్యాక వచ్చేవాడికి తలుపు తెరిచి ఉంచడం ముఖ్యమని పరేల్ చాల్‌లో రాత్రి రెండింటికి లేచి చదివిన మనిషికి వేరే చెప్పనక్కర్లేదు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం స్వీకరించారు. బుద్ధుడూ ఆయన ధమ్మమూ అనే గ్రంథానికి ముందుమాట సరిచూస్తూ డిసెంబరు 5 రాత్రి ఢిల్లీలో నిద్రపోయారు. 6వ తేదీ ఉదయం లేవలేదు. పుస్తకం 1957లో అచ్చయింది. బుద్ధుడి వైపు తనను మొదట తిప్పింది కుర్రతనంలో కేలుస్కర్ ఇచ్చిన పుస్తకమేనని ఆ ముందుమాటలో రాసుకున్నారు. పదహారు పదిహేడేళ్ల కుర్రవాడి చేతిలో పెట్టిన ఒక్క పుస్తకం యాభై ఏళ్ల తర్వాత లక్షల మంది దారి మార్చింది.

ఈ వేసవికి మన పని

ఇప్పుడు విస్సన్నపేట వైపు చూద్దాం. గ్రంథాలయం ఎవరిది? మద్రాసు రాష్ట్రం 1948లో స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం చేసింది. మనకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. దళితవాడలో రెండు గదుల ఇంటికి కట్టే పన్నులోనూ ఆ 8 పైసలున్నాయి. కాబట్టి మండల కేంద్రంలోని గ్రంథాలయంలో కుర్చీ, దినపత్రిక, పోటీ పరీక్షల పుస్తకం, వేసవి శిబిరంలో ఇచ్చే రంగు పెన్సిల్ మన డబ్బుతో వచ్చినవి. చవదార్ చెరువుకు వర్తించిన న్యాయమే వీటికీ వర్తిస్తుంది. ఇక్కడ గుమ్మం దగ్గర ఎవరూ కులం అడగరు. కానీ వేళ అడ్డుపడుతుంది, కూలి అడ్డుపడుతుంది, అది మన చోటు కాదన్న జంకు అడ్డుపడుతుంది.

శిబిరాలు ఎక్కువగా ఉదయం పూట నడుస్తాయి. మామిడి కోత కూడా ఎండ ముదరకముందే, తెల్లవారుజామునే మొదలవుతుంది. అంటే రెండూ ఒకే వేళకు. తోటకు వెళ్లే పిల్లవాడు శిబిరానికి రాలేడు. శాఖా గ్రంథాలయాలు సాధారణంగా సాయంత్రం 4 నుంచి 7 దాకా మళ్లీ తెరుస్తారు. ఆ మూడు గంటలు మనవి. శిబిరంలో ఒక విడత సాయంత్రం పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థకు వినతిపత్రం ఇవ్వడం సంఘాలు చేయగల మొదటి పని. పంచాయతీలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా బకాయి పెట్టడం రాష్ట్రమంతటా ఉన్న జబ్బు. మన పంచాయతీ ఎంత వసూలు చేసింది, ఎంత జమచేసింది అని సమాచార హక్కు చట్టం కింద అడగడం రెండో పని. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు.

మూడో పని యూనివర్సిటీల నుంచి సెలవులకు ఊరొచ్చే విద్యార్థులది. హైదరాబాద్, విశాఖ, గుంటూరు క్యాంపసుల్లో అంబేడ్కర్ అధ్యయన బృందాలు నడిపేవాళ్లు మే నెలలో ఊళ్లోనే ఉంటారు. వాడలో పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం ఇప్పించవచ్చు. డిపాజిట్ కట్టలేని పిల్లల తరఫున యువజన సంఘం కట్టవచ్చు. జయంతికి వేసే ఒక ఫ్లెక్సీ ఖర్చుతో చాలామంది పిల్లలకు డిపాజిట్లు వస్తాయి. ఊళ్లో అంబేడ్కర్ భవనం ఉంటే తాళం తీసి, శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కాబట్టి ఆ రోజు అక్కడ చదువు పెట్టవచ్చు. సాయంత్రం ముందు ఒక గంట కబడ్డీ, తర్వాత ఒక గంట పుస్తకం. పిల్లలు తమ రాతలతో గోడ పత్రిక పెట్టుకుంటే అది మన ఊరి సరస్వతీ విలాస్. ఏ పేరు పెట్టాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. సాయంత్రం 7 గంటలకు మండల కేంద్రం నుంచి వాడకు ఒంటరిగా రమ్మంటే ఏ తల్లీ పంపదు. గుంపుగా వెళ్లి గుంపుగా వచ్చే ఏర్పాటు, వెంట ఒక అక్కో పిన్నో ఉండటం మొదటి రోజు నుంచీ చూసుకోవాలి. లేకపోతే శిబిరం మళ్లీ మగపిల్లలదే అవుతుంది.

ఏం చదివించాలి అన్నదానికి పెద్ద జాబితా అవసరం లేదు. బాబాసాహెబ్ వేసవి ప్రయాణం కథను పైకి చదివించండి. తోటలో నీళ్ల బిందె ఎక్కడ పెడతారు, ఎవరు ముంచుకుంటారు, ఎవరు దోసిలి పడతారు అన్న మాట వాళ్లే ఎత్తుతారు. ఎత్తినప్పుడు వినండి. ఆ తర్వాత వాళ్లకు నచ్చింది చదవనివ్వండి. అది క్రికెట్ పుస్తకమైనా, జానపద కథలైనా, డిటెక్టివ్ నవలైనా సరే. రామ్‌జీ కూడా కొడుకు అడిగిన పుస్తకం ఏమిటని నసిగాడు కానీ కొనడం మానలేదు.

విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి నుంచి 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం నిలబడి ఉంది. మన పిల్లలు బస్సెక్కి వెళ్లి చూసి, ఫొటో దిగి వస్తారు. మంచిదే. ఆ విగ్రహమైనా, మన వాడ సెంటర్లో ఉన్న విగ్రహమైనా, చాలాచోట్ల చేతిలో ఒక పుస్తకం కనిపిస్తుంది. ఆ పుస్తకం చేతికి రావడానికి ఒక తండ్రి నిద్ర మానుకున్నాడు, ఇద్దరు అక్కలు నగలిచ్చారు, ఒక మాస్టారు తోటలో ఆగి పలకరించాడు. ఈ వేసవిలో మన ఊళ్లో ఆ మాస్టారి పని చేయడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారో మే నెల మొదటి వారంలోగా సంఘాలు కూర్చుని తేల్చుకోవాలి. మామిడి కాపు అయ్యేదాకా ఆగితే సెలవులూ అయిపోతాయి.